ఇంట్లో ఎవరికీ లేని జబ్బుకు జన్యువులతో పనేమిటి? ఎంఎస్ పరిశోధన చెప్పిన సంగతులు

"మా ఇంట్ల ఎవ్వరికీ లేదు, మరి ఈ పిల్లకెట్ల వచ్చింది?"

మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ అని డాక్టరు చెప్పగానే హనుమకొండలోనైనా, జగిత్యాలలోనైనా ఇంటివాళ్లు ముందు అడిగేది ఇదే. ఆ వెంటనే ఇంకో రెండు ప్రశ్నలు వస్తాయి. చెల్లెలికి కూడా వస్తుందా? పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు చెప్పాలా? ఈమధ్య ఈ జబ్బు పేరు వార్తల్లోకి ఎక్కువగా వస్తోంది కాబట్టి అయోమయం కూడా పెరిగింది. 2025 ఏప్రిల్‌లో ఎంఎస్ పరిశోధనకు గాను స్టీఫెన్ హౌసర్, అల్బెర్టో ఆషేరియో అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు బ్రేక్‌త్రూ ప్రైజ్ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేయకుండా అడ్డుకునే కణాలను కనిపెట్టినందుకు ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఒకచోట ఎంఎస్ జన్యువుల వల్ల వస్తుందని, ఇంకోచోట వైరస్ వల్ల వస్తుందని చదివిన మనిషికి ఏది నమ్మాలో తెలియదు. రెండు మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఏదీ పూర్తి నిజం కాదు. వీటిని కలిపి చూడడానికి హౌసర్ నలభై ఏళ్లకు పైబడిన పరిశోధన బాగా ఉపయోగపడుతుంది.

ముందు జబ్బు సంగతి

మెదడు, వెన్నుపాము, కంటి నరం, ఈ మూడింటిలోని నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుని ఉంటుంది. బోరు మోటారు వైరు మీది తొడుగు ఊడితే కరెంటు సరిగా పారనట్టే, మైలిన్ పోయిన చోట నరంలో సంకేతాలు నెమ్మదిస్తాయి, లేదా ఆగిపోతాయి. ఎంఎస్‌లో ఆ పొరను తినేసేది బయటి క్రిమి కాదు, మన సొంత రోగనిరోధక కణాలే. ఇలాంటి వాటిని ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. మచ్చ ఎక్కడ పడితే లక్షణం అక్కడిది. కంటి నరం మీద పడితే ఒక కన్ను మసకబారుతుంది, వెన్నుపాములో పడితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది.

ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందిలో లక్షణాలు ఒక్కసారిగా వచ్చి, కొన్ని వారాల్లో తగ్గి, మళ్లీ ఎప్పుడో తిరగబెడతాయి. కొందరిలో తగ్గడమనేది ఉండదు, మెల్లమెల్లగా ముదురుతుంది. మొదటి రకంలో ఉన్న మోసమేమిటంటే, కన్ను దానంతటదే బాగయ్యేసరికి "నరాల బలహీనత" అనుకుని బలానికి ఇంజెక్షన్లు వేయించుకుని ఊరుకుంటారు. ఎమ్మారై తీసి, అవసరమైతే వెన్నులోంచి నీళ్లు తీసి చూస్తే తప్ప అసలు సంగతి తేలదు.

మన ఎండల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. మే నెల మధ్యాహ్నం బస్సు దిగి హనుమకొండ చౌరస్తా దాకా నడిచొచ్చిన ఎంఎస్ మనిషికి, అంతకుముందు బాగైన కన్నే మళ్లీ మసకగా కనిపిస్తుంది. కాళ్లు తడబడతాయి. ఫ్యాన్ కింద కూర్చుని, మొహం కడుక్కుని, చల్లటి నీళ్లు తాగితే కాసేపటికి తేటపడుతుంది. జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు గానీ, ఇది కొత్త దాడి కాదు. మైలిన్ దెబ్బతిన్న నరంలో ఒంటి వేడి కొద్దిగా పెరిగినా సంకేతం ఆగుతుంది, చల్లబడితే మళ్లీ పారుతుంది. జర్మనీకి చెందిన ఊథాఫ్ అనే కంటి వైద్యుడు 1890లోనే ఇది గమనించాడు. కొత్త లక్షణం ఏదైనా ఒక రోజుకు మించి అలాగే ఉండిపోతే అది వేరే సంగతి.

"వంశంలో ఉండడం" అన్నా అన్నీ ఒకటి కాదు

జన్యువుల వల్ల వచ్చే జబ్బు అనగానే మనకు తట్టేది, ఒక్క జన్యువు చెడితే ఖాయంగా వచ్చే రకం. దానికి మన తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. ఆపరేషన్ ముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా కొన్ని నిమిషాల్లో పోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లేనివాళ్లలో గంటల తరబడి ఉండిపోతుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. కొన్ని వందల ఏళ్లుగా లోపలి పెళ్లిళ్లే జరగడం దీనికి కారణమని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం వివరించింది. ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడ్డ ప్రతులు రెండూ వస్తే లోపం ఉంటుంది. ఒక్కటే వస్తే పెద్దగా తెలియదు. మేనరికాల వల్ల పెరిగేవి ప్రధానంగా ఈ కోవ జబ్బులే.

ఎంఎస్ ఈ కోవది కాదు. "మేనరికం చేసుకున్నందుకే ఇట్లయింది" అని ఆ తల్లిదండ్రులను నిందించడానికి ఆధారం లేదు. ఎంఎస్‌లో వందలకొద్దీ చిన్న చిన్న జన్యు తేడాలు కలిసి పనిచేస్తాయి. ఒక్కో తేడా అవకాశాన్ని పదో పదిహేనో శాతం పెంచుతుంది, అంతే. వాటన్నిటిలోకీ బలమైనది, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్ఎల్ఏ జన్యువుల్లోని హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1*15:01 అనే రకం. హెచ్ఎల్ఏ జన్యువులకు, ఎంఎస్‌కు సంబంధం ఉందని 1970ల మొదట్లోనే తెలిసింది. ఈ రకం ఉన్నవాళ్లకు ఎంఎస్ వచ్చే అవకాశం లేనివాళ్ల కంటే సుమారు మూడు రెట్లు.

మూడు రెట్లు అనగానే గుండె గుభేలుమంటుంది కదా. ఒక లెక్క వేసి చూద్దాం. మంగళూరు నగరంలో జరిగిన అధ్యయనంలో ఎంఎస్ లక్షకు 8 మంది ప్రాంతంలో తేలింది. వరంగల్ మహానగర జనాభా 8 లక్షలు అనుకుని, ఇక్కడా అదే నిష్పత్తి అనుకుంటే ఊరు మొత్తం మీద 64 మంది. జనంలో ఐదో వంతుకు, అంటే 1,60,000 మందికి ఆ హెచ్ఎల్ఏ రకం ఉందనుకుందాం. మూడు రెట్ల లెక్కన ఆ 64 మందిలో సుమారు 27 మంది ఆ రకం ఉన్నవాళ్లు, 37 మంది లేనివాళ్లు అవుతారు. ఇప్పుడు ఇటు తిప్పి చూడండి. ఆ రకం ఉండి కూడా ఎంఎస్ లేనివాళ్లు 1,59,973 మంది. జబ్బు వచ్చినవాళ్లలో సగానికి పైగా మందికి అసలు ఆ రకమే లేదు. ఐదో వంతు అన్నది నేను ఊహించి పెట్టిన సంఖ్యే, కానీ దాన్ని కొంచెం అటూ ఇటూ మార్చినా తేలేది ఇదే. అందుకే ఎంఎస్ ఉందో లేదో తేల్చడానికి, చెల్లెలికి వస్తుందో రాదో చెప్పడానికి న్యూరాలజిస్టులు జన్యు పరీక్ష రాయరు.

కవల పిల్లల సంగతి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. అయినా ఒకరికి ఎంఎస్ ఉంటే రెండోవారికి వచ్చేది నలుగురిలో ఒకరికి, మహా అయితే ముగ్గురిలో ఒకరికి. పాశ్చాత్య దేశాల లెక్కల్లో మామూలు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల్లో అది నూటికి రెండు నుంచి నాలుగు. జబ్బు తక్కువగా ఉన్న మన దగ్గర ఇంకా తక్కువే ఉండాలి.

జన్యువుకు అలవాటు తోడైతే ఏమవుతుందో స్వీడన్ అధ్యయనం ఒకటి చూపించింది. పైన చెప్పిన హెచ్ఎల్ఏ 15 రకం ఉండి, జబ్బు నుంచి కాపాడే ఏ*02 అనే ఇంకో హెచ్ఎల్ఏ రకం లేనివాళ్లలో పొగ తాగనివాళ్లకు అవకాశం సుమారు 5 రెట్లు. ఈ జన్యు తేడాలేవీ లేకుండా పొగ మాత్రమే తాగేవాళ్లకు 1.4 రెట్లు. రెండూ ఉన్నవాళ్లకు 13 రెట్ల పైన. ఐదుకు ఒకటిన్నర కలిపినా, దానితో గుణించినా పదమూడు రాదు. అంటే పొగ, జన్యువు విడివిడిగా కాకుండా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటున్నాయన్నమాట.

ముందే చెప్పలేని జాబితా దేనికి పనికొస్తుంది?

హౌసర్ వంటివాళ్లు చేతులు కలిపి నడిపిన అంతర్జాతీయ ఎంఎస్ జన్యు పరిశోధకుల బృందం 2007లో హెచ్ఎల్ఏ బయట రెండు జన్యువులను పట్టుకుంది. 2011కు అవి 50 దాటాయి. 2019లో 47,429 మంది రోగుల, 68,374 మంది ఆరోగ్యవంతుల జన్యువులను పోల్చి 233 తేడాల పటం గీసింది. "ఇంత కష్టపడి ఎవరికి వస్తుందో చెప్పలేకపోయారా" అని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. నా ఉద్దేశంలో వాళ్లు అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఎవరికి వస్తుందో చెప్పడం కంటే, ఏ కణం దారి తప్పుతోందో చెప్పడంలోనే ఈ జాబితా విలువ ఉంది. ఈ తేడాలు ఎక్కువగా పనిచేసేది రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల్లో, బి కణాల్లో, మెదడులోని మైక్రోగ్లియా అనే కాపలా కణాల్లో.

దీనికి మంచి ఉదాహరణ టీఎన్ఎఫ్ కథ. టీఎన్ఎఫ్ అనేది వాపును పెంచే రసాయనం. దాన్ని అడ్డుకునే మందులు కీళ్లవాతంలో బ్రహ్మాండంగా పనిచేశాయి. ఎంఎస్ కూడా ఆటోఇమ్యూన్ జబ్బే కదా అని అలాంటి మందును ఎంఎస్ రోగులకు ఇచ్చి చూస్తే తగ్గకపోగా జబ్బు తిరగబెట్టడం ఎక్కువైంది. ఆ ఫలితాలు 1999లో వచ్చాయి, ఎందుకలా జరిగిందో అప్పుడు తెలియలేదు. ఎంఎస్ జాబితాలోని ఒక జన్యు తేడా వల్ల శరీరం తనంతట తానే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ముక్కను తయారు చేస్తోందని 2012లో బయటపడింది. అంటే మందు చేసిన పనే ఆ జన్యువు కూడా చేస్తోంది. జాబితా ముందే చేతిలో ఉండి ఉంటే ఆ ప్రయోగం జోలికే వెళ్లేవారు కాదేమో.

హౌసర్ దారి: కణం సరైనదే, కారణం వేరు

1970ల చివర్లో బోస్టన్‌లో యువ వైద్యుడిగా ఉన్నప్పుడు హౌసర్ ఒక లాయరును చూశారు. చిన్న వయసు. ఎంఎస్ ఆమె మాటను, ఒక పక్క కాలూచేతులను లాగేసుకుంది. ఇవ్వడానికి సరైన మందే లేదు. ఆమె స్థితి చూసే తాను ఈ జబ్బు వైపు వచ్చానని ఆయన చెబుతుంటారు. 1983లో ఆయన తన గురువులతో కలిసి ముదిరిన ఎంఎస్‌లో, క్యాన్సరుకు వాడే సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి చూసిన ప్రయోగం అచ్చయింది. రోగనిరోధక వ్యవస్థను మొత్తంగా అణిచేయడమే అప్పటికి చేతిలో ఉన్న పద్ధతి.

ఆ రోజుల్లో అందరి నమ్మకం ఒకటే, ఎంఎస్ అంటే టి కణాల జబ్బు. దానికి ఆధారం ఎలుకలు. ఎంఎస్ లాంటి జబ్బు ఉన్న ఎలుక నుంచి టి కణాలు తీసి ఇంకో ఎలుకకు ఎక్కిస్తే దానికీ వచ్చేది. కానీ ఎలుకల్లో కనిపించే మచ్చలు మనుషుల మచ్చల్లా లేవని హౌసర్‌కు అనుమానం. అందుకే మార్మోసెట్ అనే చిన్న కోతుల మీదికి వెళ్లారు. ఈ కోతులకు ఎక్కువగా కవలలే పుడతాయి, తల్లి కడుపులోనే ఒకదాని రక్తకణాలు ఇంకోదానిలో కలిసిపోతాయి. కాబట్టి ఒకదాని టి కణాలను దాని తోడబుట్టినదానికి ఎక్కించినా శరీరం వాటిని తిప్పికొట్టదు. అలా ఎక్కించి చూస్తే మెదడులో వాపు వచ్చింది గానీ మైలిన్ ఊడలేదు. మైలిన్ మీద పనిచేసే యాంటీబాడీలను కూడా తోడు చేశాకే మనుషుల్లో కనిపించేలాంటి మచ్చలు వచ్చాయి. 1995లో ఇది అచ్చయింది. యాంటీబాడీలు తయారు కావాలంటే బి కణాలు కావాలి. అంటే టి కణాలొక్కటే కాదు, బి కణాలకూ ఇందులో చెయ్యి ఉందన్నమాట.

అప్పటికే బి కణాలను తుడిచిపెట్టే రిటక్సిమాబ్ అనే మందు ఒక రకం రక్తక్యాన్సరుకు వాడుకలో ఉంది. బి కణాల మీద ఉండే సీడీ20 అనే గుర్తును పట్టుకుని చంపుతుంది. దాన్ని ఎంఎస్‌లో ఇచ్చి చూస్తామంటే, ఇది జరిగే పని కాదని ప్రభుత్వ నిధులు రాలేదు. చివరికి మందు తయారు చేసే కంపెనీని ఒప్పించి 104 మంది రోగులతో ప్రయోగం చేశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలో ఎమ్మారైలో కనిపించే తాజా మచ్చలు 91 శాతం తగ్గాయి. 48 వారాల్లో జబ్బు తిరగబెట్టినవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 40 శాతం, అసలు మందు తీసుకున్నవాళ్లలో 20 శాతం.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది దీని తర్వాతి మలుపు. హౌసర్ అనుకున్నది యాంటీబాడీలు తగ్గుతాయి, అందుకే జబ్బు తగ్గుతుందని. తీరా చూస్తే ఆ మందు కొన్ని వారాల్లోనే పనిచేసింది. యాంటీబాడీలు అంత త్వరగా తగ్గవు. పైగా వాటిని ఉత్పత్తి చేసే ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు కాబట్టి మందు వాటిని ముట్టుకోదు. మందు పనిచేసింది నిజం, దాని వెనక అనుకున్న కారణం మాత్రం అది కాదు. బి కణాలు చేసే ఇంకో పని అప్పుడు ముందుకు వచ్చింది. అవి ఏదైనా ప్రోటీను ముక్కను తమ పైపొర మీద పెట్టి టి కణాలకు చూపించి, వాటిని దాడికి ఉసిగొల్పుతాయి. ఆ ముక్కను పట్టుకుని చూపించేది ఏమిటో తెలుసా? హెచ్ఎల్ఏ. అందులోనూ 1970ల నుంచి ఎంఎస్‌తో ముడిపడి ఉన్న ఆ తరగతి హెచ్ఎల్ఏనే. జన్యువుల పరిశోధన ఒకవైపు నుంచి, మందు ఇంకోవైపు నుంచి వచ్చి ఇక్కడ కలిశాయి.

రిటక్సిమాబ్‌కు తమ్ముడిలాంటి ఓక్రెలిజుమాబ్‌కు 2017 మార్చిలో అమెరికా అనుమతి వచ్చింది. తిరగబెట్టే రకంలో, పాత ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో పోలిస్తే దాడులు దాదాపు సగానికి తగ్గాయి. మొదటి నుంచీ ముదిరే రకంలో మాత్రం వైకల్యం పెరిగే ప్రమాదం తగ్గింది సుమారు 24 శాతమే. ఆ రకానికి అనుమతి పొందిన మొట్టమొదటి మందు అది కావడం పెద్ద సంగతే, కానీ తేడా తేడానే. ఈ తరగతి మందులకు ఇన్ఫెక్షన్ల బెడద ఉంది. లోపల దాగి ఉన్న హెపటైటిస్-బి మళ్లీ లేచే ప్రమాదం ఉంది కాబట్టి ముందే రక్తపరీక్ష చేస్తారు.

మనకు సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడ ఉంది. రిటక్సిమాబ్‌కు సాటి మందును 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్. మన దేశంలో చాలామంది ఎంఎస్ రోగులు ఖరీదైన కొత్త మందుల బదులు రిటక్సిమాబే వాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దాన్ని ఎంఎస్‌కు అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

మరి వైరస్ మాటేమిటి?

బహుమతి పంచుకున్న ఆషేరియో పని ఇది. 2022లో ఆయన బృందం కోటి మందికి పైగా అమెరికా సైనికుల నుంచి ఏళ్ల తరబడి దాచిన రక్త నమూనాలను తిరగేసింది. ఎంఎస్ వచ్చిన 801 మందిలో ఒక్కరు తప్ప అందరికీ అంతకుముందే ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకి ఉంది. ఆ వైరస్ సోకాక ఎంఎస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అదే కుటుంబానికి చెందిన ఇంకో వైరస్ సోకితే ఏమీ పెరగలేదు.

అయితే పెద్దవాళ్లలో నూటికి 95 మంది ఒంట్లో ఈ వైరస్ ఉంటుంది, ఎంఎస్ వచ్చేది మాత్రం ఏ కొద్దిమందికో. వైరస్ లేనిదే ఎంఎస్ రాదేమో గానీ, వైరస్ ఒక్కటే ఎంఎస్ తేలేదు. అది మొదటి నిప్పురవ్వ వేసి తప్పుకుంటుందా, లోపలే ఉండి రోజూ ఎగదోస్తుందా అన్న దానిపై శాస్త్రవేత్తలు రెండుగా ఉన్నారు. వైరస్‌లోని ఒక ప్రోటీను ముక్క, మెదడులోని ఒక ప్రోటీను ఒకేలా ఉన్నాయని, వైరస్ మీద తయారైన యాంటీబాడీ దారి తప్పి మెదడునూ పట్టుకుంటోందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది చూపించారు. అది కొందరు రోగుల్లోనే కనిపించింది. ఇంతకీ ఈ వైరస్ జీవితాంతం దాక్కునేది ఎక్కడ? బి కణాల్లోనే.

రావడం వేరు, ముదరడం వేరు

ఎంఎస్ మొత్తం రోగనిరోధక వ్యవస్థ తప్పేనా, లేక మెదడు కణాల్లోనే ముందు ఏదో బలహీనత ఉండి, ఆ తర్వాత దాడి మొదలవుతుందా అన్నది పాత వాదన. మొదటి పక్షానికి మందుల విజయం బలం. ఆ మందులు ముదిరే దశలో చప్పబడిపోవడం రెండో పక్షానికి బలం. 2023లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం ఈ వాదనను కొంత మార్చింది. 12,000 మందికి పైగా రోగుల్లో, జబ్బు ఎవరికి వచ్చిందని కాకుండా ఎవరికి త్వరగా ముదిరిందని చూశారు. దొరికిన తేడా రోగనిరోధక జన్యువుల దగ్గర లేదు, మెదడు కణాల్లో పనిచేసే జన్యువుల దగ్గర ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ అది వచ్చినవాళ్లకు చేతికర్ర అవసరం మూడున్నర ఏళ్లకు పైగా ముందే వచ్చింది. జబ్బు మొదలవడంలో రోగనిరోధక వ్యవస్థది, ముదరడంలో మెదడు ఓర్పుది పెద్ద పాత్ర అనుకుంటే రెండు పక్షాల మాటా నిలుస్తుంది. నాకు సబబుగా తోచేది ఇదే, కానీ ఇది ఒక్క అధ్యయనం మీద తీర్పు చెప్పేంత చిన్న విషయం కాదు.

యూరప్ జన్యువుల పటం మనకెంత వర్తిస్తుంది?

పైన చెప్పిన వేల మంది రోగుల్లో దాదాపు అందరూ యూరప్ మూలాలవాళ్లే. అక్కడ జబ్బు ఎక్కువ, బ్రిటన్‌లో లక్షకు సుమారు 200. సుమారు 5,000 ఏళ్ల కిందట గడ్డి మైదానాల నుంచి యూరప్‌కు వచ్చిన పశుపాలకులతో పాటే ఎంఎస్ అవకాశం పెంచే హెచ్ఎల్ఏ రకం ఉత్తర యూరప్‌లోకి వ్యాపించిందని 2024లో ప్రాచీన ఎముకల డీఎన్ఏ చూసి చెప్పారు. మన దగ్గర తక్కువ కావడానికి జన్యువులే కారణమా అంటే, ఒక పాత పరిశీలన అడ్డు వస్తుంది. మన ఉపఖండం నుంచి బ్రిటన్ వెళ్లి స్థిరపడినవాళ్లలో ఎంఎస్ తక్కువే. వాళ్లకు అక్కడే పుట్టిన పిల్లల్లో మాత్రం దాదాపు అక్కడివాళ్లతో సమానంగా కనిపించింది. జన్యువులు అవే, పెరిగిన చోటు మారింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ మన పిల్లలకు పసితనంలోనే సోకుతుంది, అక్కడ యుక్తవయసులో సోకడం ఎక్కువ. ఆలస్యంగా సోకి జ్వరం, గొంతు వాపుతో బయటపడితే ఎంఎస్ అవకాశం రెట్టింపు దాకా పెరుగుతుంది. తేడాకు ఇదొక కారణం కావచ్చు. ఎమ్మారై ఊరికి దూరంగా ఉన్న కాలంలో మన దగ్గర చాలా కేసులు లెక్కకే రాలేదన్నది ఇంకో వాదన. రెండూ నిజమయ్యే అవకాశం ఉంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎన్ఎంఓ అనే జబ్బు అచ్చం ఎంఎస్‌లాగే కన్ను మీద, వెన్నుపాము మీద పడుతుంది. దాన్ని వేరుగా పట్టిచ్చే యాంటీబాడీ 2004లో దొరికింది, రక్తపరీక్షతో తెలుస్తుంది. ఈ తేడా మాటవరసకు కాదు. ఎంఎస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఎన్ఎంఓ రోగికి ఇస్తే జబ్బు ముదురుతుంది. వరంగల్‌లో మొదటిసారి కన్ను మసకబారినవాళ్లను పై పరీక్షలకు హైదరాబాద్ పంపితే, ఇన్ని పరీక్షలెందుకని విసుక్కోవాల్సిన పని లేదు.

యూరప్‌లో దొరికిన తేడాలను భారతీయ రోగుల్లో వెతికిన అధ్యయనాలు చిన్నవి, కొన్ని వందల మందితో చేసినవి. చాలా తేడాలు ఇక్కడా అదే దిశలో మొగ్గాయి గానీ, ఒక్కోదాని బలం ఎంతో తేల్చడానికి ఆ సంఖ్య చాలదు. 2025 జనవరిలో దేశంలోని 80కి పైగా జనసమూహాల నుంచి సేకరించిన 10,000 మంది జన్యుపటాలు జీనోమ్ ఇండియా పేరుతో పరిశోధకుల చేతికి వచ్చాయి. సీసీఎంబీ కూడా అందులో భాగస్వామి. అవి ఆరోగ్యవంతుల పటాలు, పోల్చి చూడడానికి ఒక పక్క సిద్ధమైనట్టే. రెండో పక్కన ఉండాల్సింది వేల సంఖ్యలో ఎంఎస్ రోగుల నమూనాలు, అవి మన జిల్లా ఆసుపత్రుల న్యూరాలజీ ఓపీల నుంచే రావాలి.